గాజుపెట్టె కుట్టిన చెయ్యి

నవంబరు 3, సోమవారం

బావ ఇంటికొచ్చి ఇవాళ్టికి వారం. ఆసుపత్రిలో నాలుగు రోజులు, ఇంట్లో ఏడు, మొత్తం పదకొండు. ఈ లెక్క నాకు తప్ప ఇంట్లో ఎవరికీ పట్టలేదు. "బతికొచ్చాడు కదా, ఇంకా రోజులు లెక్కపెడతావేమిటే" అంటుంది అత్త. ఎడమ చేత్తో తినడం చేతకాదని ముప్పై తొమ్మిదేళ్ళ కొడుక్కి చెంచాతో సూప్ తాగిస్తోంది. బావ కూడా సిగ్గు లేకుండా నోరు తెరుస్తున్నాడు.

ఆసుపత్రిలో చేర్చిన రోజు నర్సు కాగితం తీసుకుని, రోగికి మీరేమవుతారని అడిగింది. "మా బావ" అన్నాను. ఆమె వింతగా చూసింది. "భర్త" అని దిద్దుకున్నాను. మేనత్త కొడుకు, చిన్నప్పటి పిలుపు, పన్నెండేళ్ళు కాపురం చేసినా నోటికి అదే వస్తుంది. ఏం పని చేస్తారని అడిగితే, ఇద్దరిదీ ఒకటే ల్యాబ్, ఆయన పడవ మీద వెళ్ళి బాక్స్ జెల్లీఫిష్ పట్టుకొస్తారు, నేను వాటి విషం తీస్తాను అని చెప్పాను.

"ఇవాళ అదే నన్ను పట్టుకుంది, రాసుకోండి" అని మంచం మీంచి గొణిగాడు బావ. అప్పుడు నమ్మకం కుదిరింది, బతుకుతాడని.

ఆ ఉదయం గాలి లేదు, నీళ్ళు కదలడం లేదు. మూడు పట్టాం. నాలుగోది పెద్దది, నా రెండు అరచేతులూ కలిపినంత గొడుగు, కింద పడవ పొడుగునా తీగలు. టబ్బులోంచి పీపాలోకి మారుస్తుంటే ఒక తీగ గ్లవ్ చిరుగులోంచి మణికట్టుకి చుట్టుకుంది. బావ అరవలేదు. ఊపిరి మాత్రం ఆగినట్టయింది. రుద్దకు రుద్దకు అంటూ వెనిగర్ సీసా మొత్తం వంపాను. తీగ మీద ఇంకా పేలని సన్నటి విషపు గుళికలు ఆగాలంటే అదొక్కటే దారి. ఒడ్డుకి పదమూడు నిమిషాలు పట్టింది. అందులో రెండుసార్లు నాడి దొరకలేదు.

గ్లవ్ చిరిగి ఉందని ఎవరమూ చూసుకోలేదు.

నవంబరు 4

గ్లవ్ చిరిగి ఉందని ఎవరమూ చూసుకోలేదు. ఇలాంటివి జరుగుతుంటాయి.

నవంబరు 6, గురువారం

బావని డాక్టరుకి చూపించాం. గుండె పరీక్ష, రక్తం, వేళ్ళు ముడవడం, తెరవడం. బావ లోపల చొక్కా వేసుకుంటుంటే డాక్టరు నడవలోకి వచ్చి నాతో అన్నాడు: "గుండె భేషుగ్గా ఉందమ్మా. కుట్టిన చారలు పోవడానికి నెలలు పడుతుంది గానీ చెయ్యి పూర్తిగా పనిచేస్తోంది. సోమవారం నుంచి పనికి పంపెయ్యండి."

"మంచిదండీ" అన్నాను.

బావ బయటికొచ్చి ఏమన్నాడని అడిగాడు.

"ఇంకో ఆరు వారాలు విశ్రాంతి తీసుకోవాలిట. పడవ ఎక్కకూడదుట" అన్నాను.

నా నోరే అంది. ముందు అనుకున్నది కాదు. బావ నా ముఖం కేసి చూసి "అలాగా" అన్నాడు. అంతే. బస్సులో పెద్ద మేడమ్‌కి కూడా అదే రాసి పంపాను. ల్యాబ్‌కి ఆవిడే పెద్ద, ఆవిడకి చెప్పకుండా కుదరదు.

దీన్ని అబద్ధమని అనలేను. డాక్టర్లు ఎప్పుడూ తొందరపడతారు. ఆరు వారాల్లో సీజన్ అయిపోతుంది, ఆ జీవులు మళ్ళీ లోతు నీళ్ళకి పోతాయి, ఇంక ఈ ఏడాదికి ఆ ఊసే ఉండదు. నేను చేసిందల్లా జాగ్రత్త.

నవంబరు 7

ల్యాబ్‌లో కాగితం పని చాలా ఉంది. ట్యాంకు గదికి వెళ్ళడం కుదరలేదు.

నవంబరు 10, సోమవారం

కాగితం పని. ట్యాంకు గదికి వెళ్ళడం కుదరలేదు.

ఇంటికొచ్చేసరికి బావ మెట్ల మీద కూర్చుని వల కన్నాలు కుడుతున్నాడు, కుడి చేత్తో. నన్ను చూసి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "అబ్బా, ఇంకా అయిదు వారాలా. పడవ నన్ను మర్చిపోతుందే" అన్నాడు. ఇంత తపించిపోయే మనిషిని కట్టేశానా అనిపించింది. వెంటనే మణికట్టు చుట్టూ ఆ ఎర్ర చారలు కనిపించాయి, నిచ్చెన మెట్లలా అడ్డగీతలతో. కట్టెయ్యడమే మంచిదనుకున్నాను.

నవంబరు 12, బుధవారం

అత్త ల్యాబ్‌కి వచ్చేసింది. టిఫిన్ డబ్బా మర్చిపోయానని వంక. డబ్బా నా బల్ల మీదే ఉంది, ఆవిడ తెచ్చింది ఇంకోటి.

"ఏదీ, నా కొడుకుని కుట్టినది ఎక్కడుంది?"

"అది కాదత్తా, అది తీసేశాం. దాని జాతిది ఒకటి ఉంది."

"జాతిదైనా చాలు. చూపించు."

ఇరవై రోజుల తర్వాత అలా ఆ గదిలోకి అడుగుపెట్టాను, అత్త చెంగు పట్టుకున్నట్టు. గుండ్రటి ట్యాంకు. మూలలుంటే అది గుద్దుకుని చిరిగిపోతుంది కాబట్టి అలా కట్టించారు. అత్త చాలాసేపు గాజుకి ముక్కు ఆనించి నిలబడింది.

"ఖాళీయేగా?"

"ఖాళీ కాదు. నీళ్ళ కంటే కొంచెం మెరుస్తోంది చూడండి, అదీ."

కనిపించాక రెండడుగులు వెనక్కి వేసింది. బావ వీటిని గాజుపెట్టెలంటాడు. నాలుగు పక్కలున్న గొడుగు, ఒక్కో పక్క చిన్న కాడ, కాడకి ఆరు కళ్ళు. మొత్తం ఇరవై నాలుగు.

"ఇన్ని కళ్ళుండీ మావాడి చెయ్యి కనపడలేదుటే దీనికి?"

"మామూలుగా అయితే తప్పుకునే పోతుందత్తా. నీళ్ళలో నల్లటి కర్ర పెడితే చక్కగా చుట్టూ తిరిగి వెళ్తుంది. ఆ రోజు అది టబ్బులో ఉంది, ఎటు పోతుంది? పైగా కుట్టడం కూడా కావాలని కుట్టదు. తీగకి చర్మం తగిలితే చాలు, గుళికలు వాటంతట అవే పేలతాయి. చచ్చినా పేలతాయి."

కాడ చివర ఒక బరువైన రేణువు ఉంటుందని, దానివల్ల అది ఎటు తిరిగినా, తలకిందులైనా, నాలుగు కళ్ళు మాత్రం పైకే చూస్తుంటాయని చూపించాను. చాలా రోజుల తర్వాత నా గొంతు నాకు బాగా అనిపించింది. అత్త శ్రద్ధగా విని, "మెదడు ఎక్కడుంది?" అంది.

"మనకున్నట్టు ఉండదు."

"మరి చూసింది ఎవరికి చెప్పుకుంటుంది?"

"ఎవరికీ చెప్పుకోదు. ఆ కాడల దగ్గరే తేల్చేసుకుంటుంది."

"నీకు మల్లే" అంది. నవ్వాను. ఆవిడ డబ్బా మూత బిగిస్తూ, "అయితే దాని తప్పు కాదన్నమాట" అంది.

"కాదు."

"మరెవరిదే?"

నీళ్ళు వడకట్టే యంత్రం ఏదో చప్పుడు చేస్తోందని చెప్పి అటు వెళ్ళాను. యంత్రం బాగానే ఉంది.

నవంబరు 13

గ్లవ్ చిరిగి ఉందని ఎవరమూ

నవంబరు 17, సోమవారం

బావ బదులు పెట్టిన పడవ మనిషి మూడోసారి ఖాళీ పీపాతో తిరిగొచ్చాడు. మంచివాడే, కష్టపడతాడు. కానీ అతను నీళ్ళలో జెల్లీ కోసం వెతుకుతున్నాడు. బావ అలా వెతకడు. ఆ ఒడుపు చెబితే వచ్చేది కాదు.

పెద్ద మేడమ్ పిలిచింది. ఫ్రీజర్‌లో ఉన్న విషం ఈ వారంతో ఆఖరు. కుట్టిన చోట రాయడానికి మేం చేస్తున్న లేపనం మీద ఈ ఏడాది చివరి విడత పరీక్షలకి కనీసం ఆరు జీవుల తాజా విషం కావాలి. తీగలు కోసి చల్లటి ఉప్పునీళ్ళలో నాలుగు రోజులు నిలవబెట్టాలి, కండ కరిగి గుళికలు అడుక్కి చేరాలి, వాటిని జల్లించి, కడిగి, పగలగొట్టాలి. ఇదంతా నా చేతి పని, కళ్ళు మూసుకుని చేస్తాను. జీవి దొరికితే.

"మూడు వారాల్లో సీజన్ అయిపోతుంది. దొరకకపోతే వచ్చే ఏడాదే" అంది. తిట్టినట్టు అనలేదు. "ఆయన ఎలా ఉన్నారు?" అని అడిగింది.

"ఇంకా నీరసంగానే ఉన్నారండీ."

ఆ నీరసం మనిషి పొద్దున అటక మీంచి బీరువాలాంటి ఇనప పెట్టె ఒక్కడే దించాడు.

నవంబరు 20, గురువారం

రెండోసారి డాక్టరు దగ్గరికి. ఏదో ఒకటి చెప్పి తప్పిద్దామనుకున్నాను, అత్త ఊరుకోలేదు.

బయట బెంచీ మీద ఒకావిడ కూర్చుంది. బడిలో టీచరుట, రోజూ పొద్దున్నే ఈత కొట్టే అలవాటుట. తొడ నుంచి పాదం దాకా కట్టు. పది రోజుల క్రితం అవతలి తీరంలో కుట్టిందిట. బావ ఊరుకుంటాడా, చొక్కా చెయ్యి పైకి మడిచి తన చారలు చూపించాడు. ఆవిడ కట్టు పక్కకి జరిపి తనవి చూపించింది. ఇద్దరూ చిన్నపిల్లల్లా పోల్చుకున్నారు. మీవి వెడల్పు, మీవి పొడుగు అని.

"నొప్పి ఎలా ఉంటుందో ఎవరికి చెప్పినా అర్థం కావట్లేదండీ" అంది టీచరు.

"నాకు చెప్పండి" అన్నాడు బావ. ఆవిడ చెప్పింది. బావ తలూపుతూ విన్నాడు, మధ్యలో ఒక్క మాట అనలేదు. ఎందుకో నేను అక్కడ కూర్చోలేక లేచి నిలబడ్డాను.

మేము ల్యాబ్‌లో పనిచేస్తామని తెలిసి ఆవిడ నా వైపు తిరిగింది. "దీనికి మందు చేస్తున్నారని విన్నాను. మీరేనా? ఎంతవరకు వచ్చిందండీ?"

"పని జరుగుతోందండీ" అన్నాను. సంచిలో డాక్టరు చీటీ కోసం వెతికాను.

లోపలికి వెళ్ళాం. డాక్టరు నాడి చూసి, వేళ్ళు చూసి, "పని ఎలా సాగుతోంది? నీళ్ళలోకి దిగుతున్నారా?" అన్నాడు.

బావ తన వేళ్ళు ముడిచి చూసుకున్నాడు.

"రెండు వారాల కిందటే పంపమన్నాను కదమ్మా" అని నా కేసి చూశాడు.

నేల చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. బావ చొక్కా చెయ్యి దించుకుంటూ, "ఏదో ఇంటి పనుల్లో కుదరలేదండీ. వెళ్తాను" అన్నాడు.

బస్సు దిగాం. సందు చివర ఆగి అత్తకి రెండు బ్రెడ్లు కొన్నాడు.

నవంబరు 21

ఏమీ అనలేదు. టీ పెట్టి ఇచ్చాడు. పంచదార సరిగ్గా వేశాడు. అది ఇంకా భయంగా ఉంది.

నవంబరు 22, శనివారం

పొద్దున అత్త బజారుకి వెళ్ళింది. బావ వెనక మెట్ల మీద వల ముందేసుకుని కూర్చున్నాడు. ఇంక నావల్ల కాలేదు. పక్కన కూర్చుని, "తిట్టేదేదో తిట్టు బావా. రెండు రోజులుగా చూస్తున్నాను" అన్నాను.

"ఎందుకు తిట్టడం?"

"అబద్ధం చెప్పాను కదా."

సూది వలకి గుచ్చి పక్కన పెట్టాడు. "డాక్టరు గదికి తలుపు లేదే. తెర. ఆ రోజు నేను బొత్తాలు పెట్టుకుంటూ అంతా విన్నాను."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"'సోమవారం నుంచి పంపెయ్యండి' అన్నాడు. నేను బయటికొచ్చి అడిగితే నువ్వు ఆరు వారాలన్నావు. నాకెంత హాయిగా అనిపించిందో చెప్తే నవ్వుతావు. దేవుడిలా కనిపించావు."

"మరి రోజూ పడవ, పడవ అని..."

"భయపడ్డవాడు పడవ మాట ఎత్తకపోతే అనుమానం రాదూ? అందుకని ఎత్తాను. నీళ్ళు చూస్తే నాకు చెయ్యి లాగేస్తోందే. బకెట్లో నీళ్ళైనా సరే. మొన్న బట్టలు తడిపి పారిపోయొచ్చాను, అమ్మకి చెప్పకు."

పదహారు రోజులు నేను దొంగలా తిరిగాను. ఈయన తెర వెనక విని, నా అబద్ధం కింద చల్లగా పడుకున్నాడు. కోపం రావాలి. వచ్చింది కూడా, ఒక నిమిషం. ఆ మాటే అన్నాను. "అదే కదా సిగ్గుగా ఉంది" అన్నాడు. "ఆ టీచరమ్మ మందు ఎంతవరకు వచ్చిందని అడిగినప్పుడు నువ్వు నీళ్ళు నమిలావు. నా బదులు నువ్వు నమిలావు. అప్పటి నుంచి ఎలా చెప్పాలా అని చూస్తున్నాను."

అప్పుడు నేనూ చెప్పాను. ఇక్కడ కూడా రాస్తాను, ఇంతవరకు రాయలేదు కాబట్టి. గ్లవ్ చిరిగిన సంగతి బావ చూశాడు. "ఉండు, మార్చుకుంటాను" అన్నాడు. "టబ్బులో అది నలిగిపోతుంది బావా, ముందు పీపాలోకి వెయ్యి" అన్నది నేను. ఎవరమూ చూసుకోలేదన్నది అబద్ధం.

"తెలుసు. నేనక్కడే ఉన్నాను కదే" అన్నాడు.

"అయినా ఒక్కసారి కూడా అనలేదు."

"ఏమని అనను? పదిహేనేళ్ళుగా ఈ పని చేస్తున్నవాణ్ణి. నువ్వు తొందరపెడితే మాత్రం చిరిగిన గ్లవ్‌తో చెయ్యి పెడతానా? పెట్టాను. అంత పెద్దది దొరికిందని నీ ముఖం వెలిగిపోతోంది, అది చూస్తూ పెట్టేశాను."

నేను ఏడ్చాను. బావ కూడా ఏడ్చాడు, తర్వాత ఒప్పుకోలేదు. అత్త బజారు నుంచి వచ్చి, ఇద్దరి ముక్కులూ ఎర్రగా ఉండటం చూసి, "తేలిందా?" అని మాత్రం అడిగి లోపలికి వెళ్ళిపోయింది.

నవంబరు 24, సోమవారం

పెద్ద మేడమ్ దగ్గర ఇద్దరం నిలబడి చెప్పాం. ఒకరి మాటకి ఒకరు అడ్డొచ్చి చెప్పాం. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"మొన్న నేను ఫోన్ చేసి అడిగితే, నీరసం తగ్గలేదండీ అని దగ్గి మరీ చెప్పింది మీరేగా?" అని బావని అడిగింది.

ఆ ఫోన్ సంగతి నాకు తెలియదు. బావ తన చెప్పుల కేసి చూసుకున్నాడు.

రెండు వారాలు పోయాయని ఆవిడ గట్టిగానే అంది. అనాల్సిందే. ఇక మీద గ్లవ్ రెండో మనిషి పరీక్షించి సంతకం పెడితే తప్ప ఎవరూ నీళ్ళలో చెయ్యి పెట్టకూడదని రూలు రాయించింది. ఆ రూలు నా చేతే రాయించింది.

నవంబరు 25

బావ బకెట్లో చెయ్యి పెట్టి యాభై లెక్కపెట్టాడు. నేను పక్కన నిలబడ్డాను. ముప్పై తర్వాత ఇద్దరం కలిసి లెక్కపెట్టాం.

నవంబరు 27, గురువారం

వెళ్ళాం.

పొద్దున ఏడుకి పడవ తీశాడు. గ్లవ్స్ తిరగేసి, గాలి ఊది, నీళ్ళలో ముంచి బుడగలొస్తాయేమోనని ప్రతి వేలూ చూశాను. రెండుసార్లు. సంతకం పెట్టాను. బావ చెయ్యి చాపి నిలబడ్డాడు, తొడిగించుకునే పిల్లాడిలా.

తీరం పక్కనే, నడుము లోతు నీళ్ళ మీదుగా మెల్లగా పోనిచ్చాడు. ఇంజను ఆపేశాక బాగా నిశ్శబ్దంగా ఉంది.

"చెయ్యి వణుకుతోంది చూడు" అన్నాడు.

"తిరిగి వెళ్ళిపోదామా?"

"వద్దు. వణుకుతోందని చెప్తున్నానంతే."

"నాకు కాళ్ళు" అన్నాను.

అరగంట ఏమీ లేదు. తర్వాత బావ గొంతు తగ్గించి, "అదిగో" అన్నాడు. నాకు నీళ్ళే కనిపించాయి. "నీళ్ళలోకి కాదు, అడుక్కి చూడు. ఇసుక మీద." ఇసుక మీద ఒక లేత నీడ, నాలుగు మూలలుగా, జారిపోతోంది. దాని పైన ఏమీ లేదు. ఇన్నేళ్ళు బావ తెచ్చిచ్చినవి కోసి, జల్లించి, తూచాను గానీ, దాన్ని దాని ఇంట్లో చూడటం ఎలాగో నేర్చుకోలేదు. పట్టేటప్పుడు ఎప్పుడూ పీపా దగ్గర కాగితాలు పట్టుకుని నిలబడేదాన్ని.

"ఈసారి టబ్బు నువ్వు ముంచు. నేను పడవ పట్టుకుంటాను" అన్నాడు.

నా గ్లవ్స్ తను పరీక్షించాడు. సంతకం పెట్టాడు. నీడకి ఎదురుగా టబ్బు వంచి పట్టుకున్నాను. అది తప్పుకుంది. పడవ తిప్పాడు, మళ్ళీ తప్పుకుంది. "నల్ల టబ్బుని చూస్తోందే, తెల్లది తీసుకో" అన్నాడు. తెల్లదాంట్లోకి నీళ్ళతో పాటు తనే వచ్చేసింది. టబ్బులో ఆ గొడుగు ముడుచుకుంటూ, విచ్చుకుంటూ ఉంది. కాడల చివర నల్లటి చుక్కలు నాకేసి ఉన్నాయి. భయం పోలేదు. ఎంత అందంగా ఉందో కూడా చూశాను.

మూడు నేను పట్టాను. నాలుగోదానికి బావ లేచి, "ఇది నేను" అన్నాడు. ఊపిరి బిగబట్టి ముంచాడు, తీశాడు, పీపాలోకి వంపాడు, మూత పెట్టాడు. మూత మీద కూర్చుండిపోయాడు. చాలాసేపు లేవలేదు. పక్కన కూర్చున్నాను. చోటు చాలక సగం ఒళ్ళో కూర్చున్నట్టయింది.

"ఎవరైనా చూస్తే" అన్నాడు.

"చూస్తే చూడనీ."

నవంబరు 29

ఇంకో మూడు. మొత్తం ఏడు.

డిసెంబరు 7, ఆదివారం

శుక్రవారం ఫలితం వచ్చింది. కణాలు పెంచి విషం పోసిన గాజు పళ్ళేల్లో, లేపనం వేసినవాటిలో పదింట ఎనిమిది కణాలు నిలబడ్డాయి. వెయ్యని పళ్ళేల్లో దాదాపు ఏమీ మిగల్లేదు. ఇంకా బోలెడు పరీక్షలున్నాయి, మనిషి చర్మం దాకా రావడానికి ఏళ్ళు పడుతుంది. పెద్ద మేడమ్ ఆ మాట చెబుతూనే అందరికీ కేకు తెప్పించింది. నిన్న టీచరు ఇంటికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పొచ్చాను, గొప్పలు పోకుండా. ఆవిడ కర్ర సాయంతో గుమ్మం దాకా వచ్చి సాగనంపింది.

మధ్యాహ్నం. అత్త పక్కింటికి వెళ్ళి మెదడు లేని జంతువు గురించి పాఠం చెబుతోంది, కిటికీలోంచి వినిపిస్తోంది. కళ్ళ సంఖ్య ముప్పైకి పెంచేసింది. బావ సోఫాలో నా ఒళ్ళో చెయ్యి పడేసి కునుకు తీస్తున్నాడు. చారలు ఎరుపు తగ్గి గోధుమరంగుకి తిరిగాయి. డైరీ ఆ చేతి మీదే ఆనించి రాస్తున్నాను. నొప్పిగా ఉంటే చెప్పమన్నాను. బరువుగా ఉందన్నాడు, తియ్యొద్దన్నాడు.

ఇప్పుడు ఒక కన్ను తెరిచి, "ఏం రాస్తున్నావే ఇన్ని రోజుల నుంచీ" అంటున్నాడు.

ఇస్తున్నాను. బావా, నవంబరు ఆరో తేదీ దగ్గర కొంచెం మెల్లగా చదువు.